ముందు వేళ కుదరాలి, తర్వాతే ఫీజు

ఒకప్పుడు ఆషాఢం వచ్చిందంటే చీరల దుకాణాల తగ్గింపు ధరలే గుర్తొచ్చేవి. ఇప్పుడు జిమ్‌ల వాళ్ళు కూడా వాటితో పోటీకి దిగారు. కొత్త సంవత్సరం, ఉగాది, దసరా, ఏదొచ్చినా సరే, కరెంటు స్తంభానికి కట్టిన ఫ్లెక్సీ మీదా, పేపరు మధ్యలో పెట్టిన కరపత్రం మీదా ఒకటే మాట: 'ఏడాది మెంబర్‌షిప్ సగం ధరకే, ఈ మూడు రోజులే!' అది చదివిన ఇల్లాలికి ఒక్క క్షణం ఆశ పుడుతుంది. నలభయ్యో పడి దగ్గరకొస్తోంది. రెండంతస్తులెక్కితే ఆయాసం. మొన్న చేయించిన పరీక్షలో షుగరు 'కాస్త ఎక్కువే' అన్నారు డాక్టరుగారు. సగం ధరే కదా, కట్టేస్తే పోలా అనిపిస్తుంది. అసలు చిక్కంతా ఆ తొందరలోనే ఉంది.

"ఇంటెడు చాకిరీ చేస్తున్నావు, మళ్ళీ వ్యాయామం ఎందుకమ్మా?" అని అత్తగారు అడిగితే ఆ మాట తీసిపారెయ్యక్కర్లేదు. ఆవిడ కాలంలో రోలు, రోకలి, తిరగలి ఉండేవి. బావిలో నీళ్ళు తోడడం, బిందె చంకనెత్తుకుని రావడం ఉండేవి. ఇవాళ మిక్సీ, గ్రైండరు, వాషింగ్ మెషిను, మోటారు వచ్చాయి. అలాగని మన పని గంటలు తగ్గాయా అంటే అదీ లేదు. కేంద్ర ప్రభుత్వం 2024లో జరిపిన సమయ వినియోగ సర్వే ప్రకారం ఇంటిపని చేసే ఆడవాళ్ళు దానిమీద రోజుకి సగటున 289 నిమిషాలు పెడుతున్నారు. మగవాళ్ళు పెట్టేది 88 నిమిషాలు. అంటే దాదాపు ఐదు గంటలు మనం నిలబడే ఉంటున్నాం. కానీ నడుము నొప్పి పుట్టించే పని వేరు, నడుముకి బలమిచ్చే పని వేరు.

ఈ మాట నేను గాలికి అనడం లేదు. లాన్సెట్ గ్లోబల్ హెల్త్ పత్రిక 2024లో వేసిన అధ్యయనం ప్రకారం, 2022 నాటికి మన దేశంలో నూటికి 57 మంది స్త్రీలకి చాలినంత శరీర శ్రమ లేదు. మగవాళ్ళలో ఆ లెక్క నూటికి 42. దేశంలో పది కోట్ల మందికి పైగా మధుమేహం ఉందని భారత వైద్య పరిశోధన మండలి వారి అధ్యయనం 2023లో తేల్చింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన సలహా ఏమిటంటే, పెద్దవాళ్ళు వారానికి కనీసం 150 నిమిషాలు చురుగ్గా నడవడంలాంటి శ్రమ చెయ్యాలి. దాంతోపాటు వారానికి రెండు రోజులైనా కండరాలకి బలమిచ్చే వ్యాయామం ఉండాలి. ఆ రెండో ముక్కనే మనం ఎప్పుడూ వదిలేస్తాం. ముప్ఫై దాటాక కండ మెల్లమెల్లగా తరుగుతుంది. ముట్లుడిగాక ఎముక గుల్లబారడం వేగమవుతుంది. ఆ రెంటినీ నిలబెట్టడానికి బరువులు ఎత్తడం చాలా మేలైన దారి. కాబట్టి జిమ్ అంటే సినిమా తారలకీ, కుర్రకారుకీ మాత్రమే అనుకోనక్కర్లేదు. మనకీ దాని అవసరం ఉంది.

అవసరం ఉందన్నాక, మరి ఫీజు ఎలా ఎంచుకోవాలి? ఇక్కడే ఒక చిన్న లెక్క వేద్దాం. ఒక జిమ్‌లో నెలకి 1,200 రూపాయలు, ఏడాదికి ఒకేసారి కడితే 7,200 అనుకోండి. చూడ్డానికి నెలకి 600 పడ్డట్టే, సగానికి సగం లాభం. వారానికి మూడు రోజుల చొప్పున ఏడాది పొడుగునా సుమారు 150 రోజులు వెళ్తే రోజుకి 48 రూపాయలు. అంతకన్నా చవకేముంది? కానీ రెండు నెలలు, మొత్తం ఇరవై రోజులు వెళ్ళి ఆగిపోయామనుకోండి. అప్పుడు ఒక్కో రోజుకీ 360 రూపాయలు పడింది. అదే నెలనెలా కట్టి ఉంటే 2,400తో పోయేది, రోజుకి 120 పడేది. ఈ ధరల్లో ఏడాది ఫీజు ఆరు నెలల ఫీజుతో సమానం. ఆరు నెలలు దాటి వెళ్తేనే అది లాభం, ఆలోపు ఆగిపోతే నష్టం. కొత్తగా మొదలుపెట్టే మనిషికి తను ఆరు నెలలు వెళ్తుందో లేదో ఎలా తెలుస్తుంది?

తెలియదు, తెలిసినా మనసు పెద్ద లెక్కే వేసుకుంటుంది. ఇది మన ఒక్కళ్ళ బలహీనత కాదు లెండి. అమెరికాలో స్టెఫానో డెల్లావిన్యా, ఉల్‌రికే మాల్మెండియర్ అనే ఇద్దరు ఆర్థిక శాస్త్రవేత్తలు మూడు హెల్త్ క్లబ్బుల్లో 7,752 మంది సభ్యుల హాజరు లెక్కలు పరిశీలించి 2006లో ఒక పరిశోధన వ్యాసం ప్రచురించారు. నెలకి 70 డాలర్లకి పైగా ఫీజు కట్టినవాళ్ళు సగటున నెలకి నాలుగు సార్లకి కాస్త ఎక్కువగా వెళ్ళారట. అంటే వెళ్ళిన ఒక్కోసారికీ 17 డాలర్ల పైనే పడింది. అదే క్లబ్బులో పదిసార్లకి సరిపడా పాసు కొనుక్కుంటే ఒక్కోసారికి పదే డాలర్లు! 'ఆరంభశూరత్వం' ఆంధ్రుల సొత్తని మనల్ని మనం ఎగతాళి చేసుకుంటాం గానీ, అది అందరి సొత్తూనన్నమాట.

అయితే ఆ అమెరికా సభ్యురాలికీ మనకీ ఒక తేడా ఉంది. ఆవిడకి పోయేది డబ్బే. మన ఇళ్ళల్లో ఇల్లాలు ఏడాది ఫీజు కట్టి రెండో నెలలో ఆగిపోతే, డబ్బుతోపాటు ఇంకోటి పోతుంది. రెండోసారి అడిగే నోరు పోతుంది. "అప్పుడే చెప్పాను, నీవల్ల కాదని" అనే మాట ఇంట్లో స్థిరపడిపోతుంది. ఆ తర్వాత సంగీతం నేర్చుకుంటానన్నా, కంప్యూటరు క్లాసుకి వెళ్తానన్నా, ఆఖరికి కళ్ళజోడు మార్పించుకోవాలన్నా ఆ 7,200 గుర్తు చేస్తారు. ఎవరూ గుర్తు చెయ్యకపోయినా మనకి మనమే గుర్తు చేసుకుంటాం. పిల్లల ట్యూషన్ ఫీజు అంటే మారు మాట్లాడకుండా తీసిచ్చే ఇల్లాలు, తన కోసం వెయ్యి రూపాయలు ఖర్చు పెట్టాలంటే నాలుగు రోజులు ఆలోచిస్తుంది. అలాంటి మనిషికి మొదటి ప్రయత్నం చెడిపోకూడదు. అందుకే కొత్తవాళ్ళకి చవకైన మెంబర్‌షిప్ అంటే తక్కువ ధరకి దొరికేది కాదు, నిలబెట్టుకోగలిగేది.

నిలబడాలంటే ముందు చూసుకోవలసింది మెషిన్లు కాదు, వేళ. మన రోజులో ఏ గంట మనది? చాలా ఇళ్ళల్లో ఈ ప్రశ్నకి జవాబు ఉండదు. తెల్లవారుఝామున పాలు, టిఫిన్లు, బాక్సులు. తొమ్మిదింటికి పనిమనిషి. సాయంత్రం పిల్లల చదువులు. కాబట్టి జిమ్‌కి పైసా కట్టకముందే ఒక చిన్న పరీక్ష పెట్టుకోండి. వెళ్దామనుకున్న వేళకే, వారానికి మూడు రోజుల చొప్పున, రెండు మూడు వారాలపాటు గంటసేపు ఇల్లు వదిలి బయటికి నడవండి. దగ్గర్లో పార్కుంటే పార్కు, లేకపోతే గుడి చుట్టూ, కాలనీ వీధులు. ఆ గంటలో పొయ్యి మీద పాలు ఎవరు చూశారు? చిన్నాణ్ణి ఎవరు తయారు చేశారు? గ్యాసు బండ వస్తే ఎవరు తీసుకున్నారు? మూడు వారాలు ఆ గంట నిలబడితే జిమ్‌కి కట్టే డబ్బు నిలబడుతుంది. ఆ గంట నిలబడకపోతే, ముందు ఇంట్లోవాళ్ళతో కూర్చుని పని పంచుకునే మాట మాట్లాడుకోవాలి. "ఏమండీ, ఫీజు నేను చీటీ డబ్బుల్లోంచి కట్టుకుంటాను, మీరు సోమ, బుధ, శుక్రవారాలు పిల్లల్ని బడికి తయారు చెయ్యండి" అని అడగడమే అసలు మెంబర్‌షిప్. మిగిలినది రసీదు.

వేళ కుదిరాక దూరం చూడండి. నాలుగు కిలోమీటర్ల అవతల పెద్ద జిమ్ ఉందనుకోండి. ఆటోకి పోనూ రానూ 120 రూపాయలైతే నెలకి పన్నెండు రోజులకి 1,440. ఫీజు కన్నా ఆటో ఖర్చే ఎక్కువ! తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి మహాలక్ష్మి పథకం కింద, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీ శక్తి పథకం కింద ఆర్టీసీ బస్సుల్లో ఆడవాళ్ళకి టికెట్ లేని మాట నిజమే. కానీ బస్సు కోసం నిలబడ్డ ఇరవై నిమిషాలు ఎవరు తిరిగిస్తారు? నడిచి పది పదిహేను నిమిషాల్లో వెళ్ళగలిగే మామూలు జిమ్, ఏసీ ఉన్న దూరపు జిమ్ కన్నా మేలు. నడకే సగం వ్యాయామం అవుతుంది.

జిమ్‌ని చూడ్డానికి వాళ్ళు రమ్మన్నప్పుడు వెళ్ళకండి, మీరు రోజూ రాబోయే వేళకి వెళ్ళండి. మధ్యాహ్నం ఖాళీగా కళకళలాడే హాలు సాయంత్రం ఆరింటికి సంతలా ఉండొచ్చు. ఆడవాళ్ళకి విడిగా వేళలున్నాయా, ఆ వేళల్లో నిజంగా ఆడవాళ్ళే ఉంటున్నారా చూడండి. లేడీ ట్రైనరు ఉంటే ఆమె రోజూ వస్తుందా, బోర్డు మీదే ఉందా కనుక్కోండి. బట్టలు మార్చుకునే గదికి గడియ సరిగ్గా పడుతోందా, కెమెరాలు ఎటువైపు ఉన్నాయి, బాత్‌రూమ్‌లో నీళ్ళొస్తున్నాయా, రాత్రి ఆ సందులో లైటు వెలుగుతుందా, ఇవన్నీ మొహమాటం లేకుండా చూడవలసినవే. కొత్తవాళ్ళకి పనికొచ్చే ఒక కిలో, రెండు కిలోల డంబెల్స్ ఉన్నాయా? అన్నీ పదిహేను, ఇరవై కిలోలవే ఉంటే అది మన కోసం పెట్టింది కాదు. అక్కడికి వస్తున్న ఆడవాళ్ళలో ఒకరిద్దర్ని పలకరించండి. "ఎన్నాళ్ళనుంచి వస్తున్నారండీ?" అన్న ఒక్క ప్రశ్నకి వచ్చే జవాబు, గోడమీది పోస్టర్లన్నిటికన్నా ఎక్కువ చెబుతుంది.

ఇక డబ్బు దగ్గర అడగవలసినవి. చేరేటప్పుడు అడ్మిషన్ ఫీజు విడిగా ఉందా? మామూలు ఫీజులో వ్యాయామం నేర్పుతారా, లేక 'పర్సనల్ ట్రైనింగ్' అని ఇంకో పెద్ద ప్యాకేజీ తీసుకుంటేనే చెయ్యి వేస్తారా? పుట్టింటికెళ్ళినా, పిల్లల పరీక్షలొచ్చినా, ఇంట్లో ఎవరికైనా ఒంట్లో బాగోకపోయినా ఆ రోజులు ముందుకి జరుపుతారా? మధ్యలో మానేస్తే ఎంత తిరిగిస్తారు? ఈ జవాబులు నోటిమాటగా కాకుండా కాగితం మీద ఉండాలి. నెలనెలా డబ్బు దానంతటదే ఖాతాలోంచి వెళ్ళే యూపీఐ ఆటోపే పెట్టిస్తే, దాన్ని ఎలా ఆపాలో పెట్టిన రోజే నేర్చుకోండి. 'వాయిదాల మీద కట్టండి' అంటే అది జిమ్ ఇచ్చే వెసులుబాటా, ఫైనాన్స్ కంపెనీ ఇచ్చే అప్పా అడగండి. అప్పైతే జిమ్ మూతపడ్డా వాయిదా ఆగదు.

మూతపడతాయా అంటారా? మా కాలనీలో ఒక టీచరుగారు తగ్గింపు ధర చూసి ఏడాదికి కట్టేశారు. మూడో నెలలో ఒక సోమవారం వెళ్తే షట్టరు దించేసి ఉంది. ఫోన్ చేస్తే స్విచ్చాఫ్. చేతిలో బిల్లు లేదు, తెల్లకాగితం మీద సంతకం మాత్రం ఉంది. ఎవరిని అడగాలి? అందుకే బిల్లు తీసుకోండి. 2025 సెప్టెంబరు 22 నుంచి జిమ్ సేవల మీద జీఎస్టీ 18 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. 7,200 మీద 1,296 రూపాయల పన్ను పడేచోట ఇప్పుడు 360 పడాలి. పాత రేటు వేస్తే నిలదియ్యండి. జీఎస్టీ రిజిస్ట్రేషన్ లేని చిన్న జిమ్ అసలు ఆ పన్ను వసూలు చెయ్యకూడదు. 2020 జూలై నుంచి అమల్లో ఉన్న వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం బిల్లు ఇవ్వకపోవడమే అనుచిత వ్యాపార పద్ధతి. మోసం జరిగితే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చెయ్యొచ్చు. మీరుండే జిల్లాలోనే వినియోగదారుల కమిషన్‌లో రెండేళ్ళలోపు ఫిర్యాదు పెట్టొచ్చు. కట్టిన సొమ్ము 5 లక్షల లోపైతే ఫిర్యాదుకి ఫీజు కూడా లేదు.

కాబట్టి నా సలహా ఇది. మొదటి మూడు నెలలూ నెలనెలా కట్టండి. 1,200 చొప్పున 3,600 అవుతుంది. ఆ తర్వాత అలవాటు కుదిరితే ఏడాదికి కట్టండి. ముందే ఏడాదికి కట్టినవాళ్ళ కన్నా మీకు కొంత ఎక్కువే పడుతుంది. పడనివ్వండి. ఆ ఎక్కువ డబ్బు, మీ గురించి మీకు నిజం చెప్పినందుకు కట్టిన ఫీజు అనుకోండి. 'ఈ మూడు రోజులే' అన్న తగ్గింపు మళ్ళీ వచ్చే పండక్కి తప్పకుండా వస్తుంది.

చేరాక తొందరపడకండి. ఉట్టికెగరలేనమ్మ స్వర్గానికెగిరిందన్న సామెత జిమ్‌లో బాగా పనికొస్తుంది. మొదటి వారం రోజూ గంటన్నర చేసి రెండో వారం మంచమెక్కేవాళ్ళే ఎక్కువ. వారానికి రెండు మూడు రోజులు, రోజు విడిచి రోజు, నలభై నిమిషాలు చాలు. మొదట ఐదు పది నిమిషాలు ఒళ్ళు వేడెక్కేలా కదలండి. ట్రెడ్‌మిల్ ఎక్కేముందు దాన్ని ఒక్కసారిగా ఆపే మీట ఎక్కడుందో అడిగి తెలుసుకోండి. మర్నాడు కండలు పట్టేసినట్టుండి రెండు మూడు రోజుల్లో తగ్గిపోతే భయం లేదు. కీలులో పోటు వచ్చినా, ఛాతీలో నొప్పి, కళ్ళు తిరగడం వచ్చినా వెంటనే ఆపి డాక్టరుకి చూపించుకోవాలి. బీపీ, గుండె జబ్బు, నడుము, మోకాలి బాధ ఉన్నవాళ్ళు, గర్భిణులు, ఈమధ్యే కాన్పో ఆపరేషనో అయినవాళ్ళు డాక్టరునడిగే చేరాలి. షుగరుకి మాత్రలో ఇన్సులినో వాడేవాళ్ళు ఖాళీ కడుపుతో వెళ్ళొద్దు. సంచిలో కాస్త పంచదారో, చాక్లెట్టో ఉండాలి.

బరువులెత్తితే మగవాళ్ళలా తయారవుతామన్న భయం ఇంకా కొందరికుంది. మగవాళ్ళలో కండ పెంచే టెస్టోస్టెరాన్ హార్మోను ఆడవాళ్ళలో చాలా తక్కువ. రెండు కిలోల డంబెల్ పట్టుకుంటే చేతులు పహిల్వానులా అవ్వవు. శ్రీకాకుళం జిల్లా ఆడపడుచు కరణం మల్లీశ్వరి 2000 సంవత్సరం సిడ్నీ ఒలింపిక్స్‌లో మొత్తం 240 కిలోలెత్తి కాంస్య పతకం తెచ్చింది. ఒలింపిక్ పతకం గెలిచిన మొట్టమొదటి భారతీయ మహిళ మన తెలుగు పిల్లే, అదీ బరువులెత్తే పోటీలో! ఆ మల్లీశ్వరి పుట్టిన నేల మీద మనం డంబెల్‌ని చూసి భయపడడమేమిటి?

జిమ్ కౌంటర్ మీద కనిపించే ప్రోటీన్ పొడి డబ్బాల సంగతి కూడా చెప్పుకోవాలి. ఫీజుకి రెట్టింపు ఖర్చు అక్కడే మొదలవుతుంది. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన ఆహార సూచనల్లో, కండ పెంచుకోవడానికి ప్రోటీన్ పొడులు వాడొద్దనే చెప్పింది. కిలో బరువుకి రోజుకి 0.83 గ్రాముల మాంసకృత్తులు చాలని దాని లెక్క. అరవై కిలోల మనిషికి సుమారు 50 గ్రాములు. పప్పు, పెరుగు, పెసలు, ఉడికించిన సెనగలు, గుడ్లు మన వంటింట్లోనే ఉన్నాయి. చిక్కల్లా ఎక్కడంటే, అందరికీ వడ్డించాక మన కంచంలో పప్పు చారులా మిగలడం దగ్గర. అది ముందు సరిచేసుకోవాలి.

నెలకి వెయ్యి కూడా కష్టమైన ఇళ్ళున్నాయి. వాళ్ళు నిరాశ పడక్కర్లేదు. చంకలో పిల్లాణ్ణి పెట్టుకుని ఊరంతా వెతికినట్టు, పక్క పార్కులో ఉన్న ఓపెన్ జిమ్‌ని మనం చూడం. విశాఖ బీచ్ రోడ్డులోనూ, హైదరాబాద్ కాలనీ పార్కుల్లోనూ, చాలా మున్సిపాలిటీల్లోనూ ఆ పరికరాలు ఉచితంగానే ఉన్నాయి. ఇంట్లో కుర్చీలోంచి చెయ్యి ఆనించకుండా పదిసార్లు లేచి కూర్చోవడం, గోడకి చేతులానించి తోసుకోవడం, లీటరు నీళ్ళ సీసా చేత్తో ఎత్తి దించడం, ఇవన్నీ కండకి పనే. లీటరు సీసా అంటే కిలో డంబెల్ అన్నమాట. ఇద్దరు ముగ్గురు ఇరుగుపొరుగు కలిసి చేస్తే ఒకరోజు ఒకరికి బద్ధకం వచ్చినా ఇంకొకరు తలుపు తడతారు.

జిమ్‌లోనైనా, పార్కులోనైనా, వంటింటి గోడ దగ్గరైనా కావలసింది వారానికి మూడు గంటలు. మనం ఇంటికిచ్చే గంటల్లో అది ఎంత? ఆ మూడు గంటలూ మనవని ముందు ఇంట్లో చెప్పండి, గోడమీది క్యాలెండర్లో ఆ రోజులకి సున్నా చుట్టండి. దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలంటారు పెద్దలు. ఆ ఇంటికి దీపం మనమే అయినప్పుడు, దీపంలో నూనె చూసుకోవడం కూడా మన పనే.